మూడు వందల ఎనభై ఒకటి బై మూడు

పుణుకులు చుట్టి పంపిన కాయితం మీద మా భూమి సర్వే నంబరు ఉంది. అది ముందుగాల చూసింది మా నాయిన.

తొంభైల చివర్ల మాట. మేడ్చల్‌ల మా ఇంటి వెనక రెండు రూములు కట్టి కిరాయికిచ్చినం. గుంటూరు దిక్కు నుంచి వచ్చిన ఆలుమగలు అండ్ల ఉండేటోళ్లు. ఆయన ఇండస్ట్రియల్ ఏరియాల ఒక ఫ్యాక్టరీల స్టోర్స్ చూసేటోడు. నలభై అయిదేండ్లుంటయి. పిల్లలు లేరు. ఇంటిల్లిపాది ఆయనను సారు అనేటోళ్లం, ఆమెను నేను ఆంటీ అనేదాన్ని. ఆదివారం వచ్చిందంటే ఆంటీ ఏదో ఒకటి చేసి మా అమ్మకు పంపేది. ఆ ఆదివారం పుణుకులు పంపింది. నాయిన నాలుగు తిన్నడు. అయిదోది చేతుల పట్టుకొని ఆగిపోయిండు.

నాయిన నాలుగో తరగతి దాక ఉర్దూల చదివిండు. తెలుగు కూడబలుక్కొని చదువుతడు గాని అంకెలైతే చూడంగనే పడతడు. నూనె అంటిన కాయితాన్ని దర్వాజ దగ్గర వెలుగుకు పట్టి నాకు చూపెట్టిండు. నీలం పెన్నుతోని 381/3 అని, దాని పక్కకు 127 అని రాసి ఉంది.

"గిదేంది?"

"ఏదో లెక్క నాయినా."

"లెక్క గాదు. గిది మన భూమి."

షామీర్‌పేట పొయ్యే తొవ్వల మా తాత సంపాదించిన భూమి సర్వే నంబరు 381. ముగ్గురన్నదమ్ములు పంచుకున్నంక పెద్దనాయినది 381/1 అయింది, నడిపి పెద్దనాయినది 381/2. మా నాయినది 381/3. రెండెకరాల పన్నెండు గుంటలు.

"మరి నూట ఇరవై ఏడు ఏంది?" అని అమ్మ అడిగింది.

"గజాలు. నూట ఇరవై ఏడు గజాలకొక ప్లాటు కొడుతున్నరు" అన్నడు నాయిన. పుణుకును పళ్లెంల పెట్టి చేతులు కడుక్కున్నడు.

ఇప్పుడు చెప్తే నవ్వులాటగ ఉంటది గాని అప్పుడు మా ఇంట్ల ఎవ్వరం నవ్వలే. మా దిక్కు అంత అట్లనే ఉండె. పొద్దుగాల జొన్నచేను ఉన్న కాడ మాపటికి తెల్లసున్నం ఏసిన హద్దురాళ్లు లేస్తుండె. ఒకటే చెలకను ఇద్దరికి అమ్మినోళ్లున్నరు. సచ్చిపోయిన తండ్రి బతికున్నట్టు వేలిముద్ర ఏయించినోళ్లున్నరు. నాయిన పాసుబుక్కులు, పహాణి నకళ్లు నేను పండుకునే రూముల ఇనుప సందూకల పెట్టి తాళంచెయ్యి మొలతాడుకు కట్టుకునేటోడు. తానానికి పోయినా ఇప్పకపోయేటోడు. తెల్లంగి ఏసుకున్నోడు ఎవడన్న గేటు కాడ నిలబడి "పటేలా, షామీర్‌పేట రోడ్డుకున్నది మీదేనా" అని అడిగితే, మాది గాదు అని చెప్పి పంపేటోడు.

నేను అప్పుడు డిగ్రీ రెండో ఏడు. బస్సుల అల్వాల్ దాక పోయి చదువుకునేదాన్ని. మొదటేడు లెక్కల పేపరు తప్పిన. అది ఇంట్ల అందరికీ తెల్సు.

"లెక్కల తప్పినవు గదా" అన్నడు నాయిన. "పోయి సారును ట్యూషన్ చెప్పుమను. చదువుకున్నట్టు కూసో. ఏం రాస్తాండో చూసి రా."

"వాళ్లు మంచోళ్లే. ఎందుకు ఒకల మీద అనుమానం?" అని అమ్మ అన్నది.

"మంచోళ్లయితే పిల్ల పోయొస్తే ఏం భయం?" అన్నడు.

సారు ఫస్ట్ షిఫ్టుల ఉన్నప్పుడు నాలుగింటికల్లా ఇంటికొచ్చేటోడు. నేను పుస్తకం పట్టుకొని పోయిన. ముందు రూముల ఒక మంచం, కిటికీ పక్కన చిన్న బల్ల. బల్ల మీద ఫ్యాక్టరీల పారేసిన కంప్యూటర్ కాయితాలు, రెండు అంచులకు గుండ్రటి బొక్కలుంటయి చూడుండ్రి, అవి జానెడెత్తు పేర్చి ఉన్నయి. వాటి వెనకపక్క తెల్లగ ఉన్న దిక్కు సారు రాసుకునేటోడు. ప్రతి కాయితానికి మూలన ఎర్ర సిరాతోని నంబరు ఏసి ఉండె. ఆంటీ తలుపు బార్లా తెరిచి, పీట ఏసుకొని, నాకూ సారుకూ మధ్యల కూసోని చిక్కుడుకాయలు ఈనెలు తీయబట్టింది. చిక్కుడుకాయలు అయిపోయినంక బియ్యం చెరిగింది. ఇరవై ఏండ్ల ఆడిపిల్ల తన మొగుని దగ్గరికి ఎందుకొచ్చిందని ఆమె అనుమానం. అది నాకు కూసున్న పది నిమిషాలకే సమజైంది.

సారు నా పుస్తకం తిరగేసి చూసిండు. "ఈ కలనగణితం నాకు రాదమ్మా. ఇంటర్‌తో ఆపేశాను. భాగహారం మాత్రం బాగా చేస్తాను" అని నవ్విండు.

"మరి గివన్ని ఏంది సార్?" అని నేను ఆ కాయితాల దిక్కు వంగిన.

"ఏం లేదు, ఊరికే" అనుకుంట సారు పైకాయితం మీద చెయ్యి అడ్డం పెట్టిండు.

అడ్డం పెట్టకపోతే ఆ ముచ్చట అక్కడనే ఒడిసేదేమో. ఇంటికొచ్చి నాయినకు అంత ఉన్నదున్నట్టు చెప్పిన. కాయితాలు మస్తున్నయి, అన్నిట్ల అంకెలే, చెయ్యి అడ్డం పెట్టిండు అన్న.

"చెయ్యి అడ్డం పెట్టిండా?" అని నాయిన రెండుసార్లు అడిగిండు. "అయితే ఒక కాయితం తే."

నేను మూడు వారాలు పోయిన. సారు నిజంగనే భాగహారం చెప్పిండు. ఏ అంకె దేనితోని పోతది, ఎందుకు పోతది, అన్నీ ఓపికగ చెప్పేటోడు. కాలేజీల ఎవ్వరు అట్ల చెప్పలే. నేను ఒక చెవితోని ఇనుకుంట ఇంకో దిక్కు కండ్లతోని కాయితాలు చూసేదాన్ని. 3812/4 కనిపిస్తే దాని మీదనే ఆగేదాన్ని. మా నంబరు మీద ఇంకో అంకె అతికించిండు, ఎందుకు అతికించిండు అనుకునేదాన్ని. సారు మంచిగ మాట్లాడిన కొద్దీ నాకు అనుమానం పెరిగింది. పనున్నోడే గింత మంచిగ మాట్లాడుతడు అని నాయిన అంటుండె.

ఒకనాడు లోపల పాలు పొంగినయి. ఆంటీ ఉరికింది. అదే టైంకు సారు నల్లా దగ్గర చెయ్యి కడుక్కోవడానికి బయటికి పోయిండు. నేను పైనున్న కాయితాన్ని లాగి పుస్తకంల పెట్టుకున్న. మూలన ఎర్రగ 42 అని ఉంది. ఆంటీ మళ్లొచ్చి కూసున్నంక పది నిమిషాలు ఆగి లేచిన.

నాయిన ఆ కాయితం మా పెద్దనాయిన కొడుకుకు చూపెట్టిండు. అన్న అప్పటికే ప్లాట్ల ధందాల తిరుగుతుండె. నిండా రాసిన అంకెలు చూసి, అన్నిట్లకెల్లి ఒకదాని చుట్టు గీసిన గీత మీద వేలు పెట్టిండు. 381654729.

"తొమ్మిదంకెలు. ఏదో డాక్యుమెంట్ నంబరు, బాబాయ్. ముందుగాల మన సర్వే నంబరు, ఎనక వాళ్ల నంబరు. ఆఫీసులల్ల గిట్లనే కోడ్ రాస్తరు" అన్నడు. తెలిసినట్టే చెప్పిండు.

మరునాడు పొద్దుగాల్నే నాయిన మండలాఫీసుకు పోయి పహాణి నకలు తీసుకున్నడు. 381/3 పక్కన మా నాయిన పేరే ఉంది. కొట్టేసింది లేదు, దిద్దింది లేదు. ఇగ నిమ్మళమైతడు అనుకున్న.

"ఇంక మార్చలే. అంటే మార్చే పనిల ఉన్నరు" అన్నడు నాయిన.

ఆ సాయంత్రం నేను పోయేసరికి సారు కాయితాలన్ని మంచం మీద పరిచి లెక్కపెడుతున్నడు. నలభై ఒకటి ఉంది. దాని తర్వాత నలభై మూడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టిండు.

"నేను ముట్టుకోలేదండీ" అంటుంది ఆంటీ. "ఆ రోజు పుణుకులకి కూడా మీరు చిత్తు అని పక్కన పడేసినవే తీశాను. నంబరు వేసినవి నేనెందుకు ముట్టుకుంటాను?" అట్ల అనుకుంటనే నా దిక్కు తిరిగింది. "నీ పుస్తకంలోకి పొరపాటున వచ్చిందేమో చూడమ్మా."

నేను పుస్తకం తెరిచి, తలకిందులు పట్టి దులిపిన. ఏం రాలలే. ఆ కాయితం అప్పుడు మా ఇంట్ల సందూకల, పాసుబుక్కుల కింద ఉంది. ఆంటీ నా ముఖం చూస్తనే ఉంది. నేను పుస్తకం దులుపుకుంటనే ఉన్న.

"పోనీలేమ్మా, గాలికి పోయుంటుంది" అన్నడు సారు. నన్ను కాపాడనీకే అన్నడో, నిజంగ నమ్మిండో నాకు తెల్వదు. తర్వాత నన్ను కూసోమని, మూడు వారాల నుంచి దాచిన సంగతి తానే చెప్పిండు. ఎవరితోనన్న చెప్పుకోవాలని ఆయనకు చాన రోజుల సంది ఉన్నట్టుంది.

ఒక తెల్లకాయితం మీద 381654729 అని రాసిండు. "ఇందులో ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఉన్నాయి. ఒక్కోటి ఒక్కసారే. చూశావా?"

చూసిన. ఉన్నయి.

"ఇప్పుడు ముందు నుంచి ఒక్కో అంకే కలుపుకుంటూ వెళ్దాం. మొదటి రెండూ ముప్పై ఎనిమిది. రెండుతో పోతుంది. మొదటి మూడూ మూడు వందల ఎనభై ఒకటి. మూడుతో పోతుంది, నూట ఇరవై ఏడు సార్లు. మొదటి నాలుగూ నాలుగుతో పోతాయి. ఐదు అంకెలు తీసుకుంటే ఐదుతో. ఇలా తొమ్మిది దాకా. నువ్వే చెయ్యి."

నేను పెన్ను తీసుకొని చేసిన. 3816/4, 954. 38165/5, 7633. 381654/6, 63609. ఏడు దగ్గర ఆగి ఒకటికి రెండుసార్లు చేసిన. ఏం మిగల్లే. ఎనిమిది, తొమ్మిది కూడ పోయినయి. మూడు వారాల సంది నేను దొంగచాటుగ చూసిన గీతలన్ని గివేనా! నూట ఇరవై ఏడు అంటే గజాలు గాదు, మూడు వందల ఎనభై ఒకటిని మూడుతోని భాగిస్తే వచ్చేది. నేను డిగ్రీ చదివేదాన్ని. ఆ పుణుకుల కాయితం చూసిన్నాడు ఆ చిన్న భాగహారం చెయ్యాలని నాకెందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు.

"ఎట్ల దొరికింది సార్?"

"స్టోర్స్‌లో పని లేనప్పుడు అంకెలు అటూ ఇటూ మార్చి చూసేవాణ్ణి. రెండేళ్లు పట్టింది."

"అయితే దొరికింది గదా. ఇంక గివన్ని ఎందుకు?"

సారు కిటికీ దిక్కు చూసిండు. "ఇదొక్కటే అని ఎవరు చెప్పారు? నాకు నమ్మకం లేదమ్మా. ఇంకోటి ఎక్కడో నక్కి ఉంది. ఐదు ఎప్పుడూ ఐదో చోటే ఉండాలి. సరిసంఖ్యలు రెండో చోట, నాలుగో చోట, ఆరో చోట, ఎనిమిదో చోట ఉండాలి. అలా రాసుకుంటే ఐదు వందల డెబ్భై ఆరు సంఖ్యలొస్తాయి. అన్నీ చూసుకుంటూ వస్తున్నాను, రెండు వందల యాభై దాటాను. నలభై రెండో పేజీలో ముప్పై ఎనిమిదితో మొదలయ్యేవి ఉన్నాయి. అది పోయింది కాబట్టి ఆ పేజీ మీదే ఇప్పుడు నా అనుమానమంతా. ఏదైనా తప్పు చేసి దాటేశానేమో!"

ఆ మాట అంటున్నప్పుడు నేను తలకాయ వంచుకొని ఉన్న. కాయితం నా దగ్గరుందని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేకపోయిన.

ఇంటికిపోయి నాయినకు అంత చెప్పిన. అంకెలు రాసి చూపెట్టపోయిన. నాయిన చూడలే.

"నీకు చెప్పిండు, నువ్వు నమ్మినవు. మోసం చేసేటోడు మొదలు నేర్చుకునేదే నమ్మిచ్చుడు" అన్నడు.

వచ్చే ఆదివారం నాయిన సందూకకెల్లి ఆ కాయితం తీసి, నన్ను ఎంట రమ్మని వెనక పోర్షనుకు పోయిండు. వద్దు నాయినా అన్న. ఇనలే. సారు బనియన్ మీద అంగీ ఏసుకుంట బయటికొచ్చిండు. ఆంటీ చేతికి పిండి అంటుకొని ఉంది.

నాయిన నలభై రెండో కాయితం బల్ల మీద పెట్టిండు. "గిది మీది గదా? మా బిడ్డ తెచ్చింది."

నేను గోడకు ఆనుకొని నిలబడ్డ. ఆంటీ నా దిక్కు చూడలే. సారు చూసిండు. కోపం లేదు, ఆశ్చర్యం కూడ లేదు. ఆయనకు ముందే తెల్సునేమో అని అప్పుడు అనిపించింది.

"మా భూమి నంబరు మీకెందుకు సారూ? ఎవలు రాయమన్నరు?"

సారుకు ఆ ప్రశ్న అర్థం కావడానికే చానసేపు పట్టింది. అర్థమయినంక, నాకు చెప్పినట్టే, మెల్లగ మొదటి నుంచి చెప్పిండు. నాయిన నిలబడే ఇన్నడు. "ఆగుండ్రి. నేను చేస్త" అన్నడు. నాయినకు పెన్ను అవసరం లేదు. గుంటలు, ఎకరాలు ఏండ్ల కొద్ది నోటితోనే పంచిన మనిషి. కండ్లు మూసుకొని పెదవులు కదుపుకుంట ఒక్కొక్కటి చేసిండు. ఏడు దగ్గర మాత్రం ఆగి, వేళ్ల కణుపులు పట్టుకొని, మళ్ల మొదటికొచ్చిండు.

"పోతది" అన్నడు. తొమ్మిది కూడ అయినంక అడిగిండు, "మరి పదితోని?"

"చివర సున్నా పెడితే పదితో కూడా పోతుందండీ" అన్నడు సారు సంబురంగ.

"సున్న పెడితే ఏదన్న పోతది. అది దొంగ లెక్క."

సారు గట్టిగ నవ్విండు. ఆ రూముల ఆయన ఒక్కడే నవ్విండు. నాయిన ముఖం ఇంక బిగుసుకుంది.

"సరే, లెక్క నిజమే. దీంతోని మీకేం వస్తది?"

"ఏమీ రాదండీ."

"ఫ్యాక్టరీల చెయ్యమన్నరా?"

"లేదండీ."

"పేపర్ల ఏస్తరా?"

"లేదండీ. ఊరికే, నా సరదా."

"ఎవరు అడగకుంట, ఏం రాకుంట, రెండేండ్లు కూసోని రాసిండ్రా? నన్ను గంత పిచ్చోన్ని అనుకుంటున్నరా సారూ?"

సారు నలభై రెండో కాయితం దిక్కు చూసిండు. అన్నిటికీ జవాబు చెప్పినోడు దానికి చెప్పలేకపోయేసరికి నాయినకు అనుమానం పోవాల్సింది బలపడ్డది. అప్పుడు ఆంటీ చెయ్యి కొంగుకు తుడుచుకొని ముందుకొచ్చింది.

"అన్నయ్యగారూ, మేం నెలాఖరుకి ఖాళీ చేస్తాం. మీ భూమి జోలికి మేం రాలేదు, రాము. మీ అమ్మాయిని కూడా ఇంక పంపకండి."

సారు నలభై రెండో కాయితం తీసుకొని, మడతలు అరిచేత్తోని సాపు చేసి, నలభై ఒకటి కింద నలభై మూడు పైన పెట్టిండు. మేము బయటికొచ్చినం.

ఆ నెల అంత వాళ్లు మాతోని మాట్లాడలే. బావి దగ్గర ఆంటీ ఎదురైతే బిందె పక్కకు జరుపుకునేది. సారు బల్ల దగ్గర కూసునుడు బంద్ చేసిండు. కిటికీల నుంచి చూస్తే కాయితాల కట్ట మీద ఇస్తిరి బట్టలు పెట్టి ఉండె. మాఫీ అడుగుదామంటే మాట రాదు. ఏం చెయ్యాల్నో తెల్వక, ఒకనాడు మధ్యాహ్నం నోట్‌బుక్కు ముందరేసుకొని ఆ లెక్క నేనే పట్టిన. అన్ని చూసి, ఇంకోటి ఉంటే ఉన్నదని, లేకపోతే లేదని రాసిద్దామనుకున్న.

నాలుగో చోటు దగ్గర ఒకటి కండ్లకు కొట్టింది. నాలుగుతోని పోవాలంటే చివరి రెండంకెలు చూస్తే చాలని సారే నేర్పిండు. మూడో చోట ఎప్పుడూ బేసంకె ఉంటది. పద్నాలుగు, ముప్పై నాలుగు, డెబ్భై నాలుగు, తొంభై నాలుగు, ఒక్కటి కూడ నాలుగుతోని పోదు. పద్దెనిమిది, ముప్పై ఎనిమిది, అవి కూడ పోవు. అంటే నాలుగో చోట రెండన్న ఉండాలి, ఆరన్న ఉండాలి. ఎనిమిదో చోట కూడ అట్లనే. అంటే నాలుగు, ఎనిమిది అనే అంకెలకు రెండో చోటు, ఆరో చోటు తప్ప దిక్కు లేదు. మూడుతోని, ఆరుతోని కూడ పోవాలె గదా, అది కలిపి చూస్తే సరిసంఖ్యలు కూసునేందుకు రెండే తీర్లు మిగిలినయి. నేను లేచి నీళ్లు తాగొచ్చిన. మళ్ల కూసోని బేసంకెలు పెట్టి చూసిన. మూడు రోజులు పట్టింది. ఐదు వందల డెబ్భై ఆరుకు పది మిగిలినయి. పదే. ఆ పదిట్ల ముందరి ఏడేసి అంకెలు తీసుకొని ఏడుతోని భాగించిన. తొమ్మిదింటికి ఏదో ఒకటి మిగిలింది. సారు గీత గీసిందానికి ఒక్కదానికే ఏం మిగల్లే.

నేను తప్పు చేసిన్నేమో అని మళ్ల చేసిన. నేనే చేసిన్నా అని కూడ నాకు అనుమానమే అయింది. లెక్కల తప్పినదాన్ని.

నెలాఖరున సామాన్లకు డీసీఎం బండి వచ్చింది. మచ్చ బొల్లారంల ఇల్లు దొరికిందని అమ్మకు ఎవరో చెప్పిండ్రు. మంచం, బీరువా, గ్యాసు పొయ్యి ఎక్కించిండ్రు. నాయిన గేటు దగ్గర కుర్చీ ఏసుకొని, మా సామాన్లు ఏమన్న పోతున్నయేమో అన్నట్టు చూస్తున్నడు. నేను పోయి సారు చేతిల కాయితం పెట్టిన.

"ఏంటమ్మా ఇది?"

"ఒక్కటే ఉంది సార్. ఇంకోటి లేదు."

సారు చదివిండు. ముఖంల ఏం కనిపించలే. జేబులకెల్లి ఎర్ర పెన్ను తీసిండు. డీసీఎం వెనక తలుపు బల్ల లెక్క కిందికి దించి ఉంటే, దాని మీద కాయితం పెట్టి మొదటి వరస నుంచి చూసుడు మొదలువెట్టిండు. డ్రైవర్ హారన్ కొట్టిండు. ఆంటీ ముందల కూసోని "ఏవండీ" అని పిలిచింది. సారు చెయ్యి పైకెత్తి ఆగమన్నడు.

"నమ్మక కాదమ్మా. చూడాలి" అన్నడు నాతోని.

మొదటిది పద్నాలుగు లక్షల డెబ్భై రెండు వేల ఐదు వందల ఎనభై తొమ్మిది. ఏడుతోని భాగిస్తే ఐదు మిగులుతదని నేను రాసిన. సారు అక్కడ ఆగిండు. పక్కన చిన్నగ చేసి చూసిండు. "ఐదు కాదు, ఆరు మిగులుతుంది" అని కొట్టేసి ఎర్రగ 6 అని రాసిండు. నెల రోజులల్ల మొదటిసారి ఆయన ముఖంల వెలుగు చూసిన. తప్పు దొరికినందుకు. మిగిలిన తొమ్మిది కూడ అంతే నెమ్మదిగ చూసిండు. ఇంకేం తప్పు దొరకలే.

"ఎవరు చేశారు ఇది?"

"నేనే సార్."

"పది" అన్నడు. "నాకింకా మూడు వందల పైన మిగిలి ఉన్నాయి." కట్ట ఉన్న అట్టపెట్టె దిక్కు చూసిండు. సంతోషపడతడని అనుకున్న. ఇంక ఏమన్న అంటడేమో అని నిలబడ్డ. కాయితం మడిచి జేబుల పెట్టుకొని డీసీఎం ఎక్కిండు.

బండి మలుపు తిరగంగనే నాయిన పిలిచిండు. "ఏం కాయితం ఇచ్చినవు?"

చెప్పిన. నమ్మలే. మళ్ల రాయుమన్నడు. అరుగు మీద కూసోని ఆ పది సంఖ్యలు మళ్ల రాసి ఒక్కొక్కటి చదివిన. నాయిన కండ్లు మూసుకొని ఒక్కొక్కదాన్ని ఏడుతోని భాగించుకుంట పోయిండు. ఆరు మిగిలింది. రెండు మిగిలింది. అయిదు మిగిలింది. అమ్మ చాయ పెడితే చల్లారిపోయింది. అంత అయినంక లేచి, తువ్వాల దులుపుకొని, "సారు అబద్ధం చెప్పలే" అన్నడు.

తెల్లారి చూస్తే ఇనుప సందూక నేను పండుకునే రూముల లేదు. నాయిన తన మంచం కిందికి జరుపుకున్నడు. సారుకు నేనేం రాసిచ్చిన్నో పూర్తిగ తెలిసినంకనే జరుపుకున్నడు. లెక్కల పేపరు ఆ ఏడు గట్టెక్కిన.

ఏడెనిమిదేండ్లయినంక నాకు లగ్గమై అల్వాల్‌ల కాపురం పెట్టిన. ఒకనాడు రైలుస్టేషన్ తొవ్వల కూరగాయల దగ్గర ఆంటీ కనిపించింది. నన్ను ఆమెనే ముందు గుర్తుపట్టింది. సంచి కింద పెట్టి బాగున్నావా అని అడిగింది. సారు ఎట్లున్నరని అడిగిన.

"బానే ఉన్నారు. నువ్విచ్చిన కాగితం తర్వాత ఆర్నెల్లు ఏం చెయ్యాలో తెలీక గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు టీవీ చూస్తారు" అన్నది. "నువ్వు ఆ కాగితం ఇవ్వకుండా ఉండాల్సిందమ్మా. ఆయన పని ఆయన చేసుకునేవారు."

ఆమె కోపంగ అనలే. తప్పయిందని అన్న. కాయితం దొంగతనానికి కూడ అదే మాట సరిపోతదేమో అనుకున్న.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు" అని ఆంటీ ఇంకొంచెం దగ్గరికొచ్చింది. "ఆ లెక్క నువ్వే చేశావా? మీ కాలేజీలో ఎవరితోనైనా చేయించావా? ఆయనకి ఇప్పటికీ అనుమానమే."

"నేనే చేసిన ఆంటీ."

ఆమె నా ముఖం చూసింది, పుస్తకం దులిపిన్నాడు చూసినట్టే. తర్వాత వంగి, బుట్టలకెల్లి ఒక వంకాయ తీసి, పుచ్చుందేమో అని తిప్పి తిప్పి చూడబట్టింది. నా బస్సు వచ్చింది. నేను ఎక్కిన.